పక్కవారు ఎగ్గొట్టారు, నేను మరిచిపోయాను

గోధూళి (సోమవారం, రాత్రి 11.52)

మా తోడల్లుడి గారికీ నాకూ పన్నుల విషయంలో ఏళ్ల తరబడి ఒక మౌన వైరం నడుస్తోంది. ఆయనకు తెలియదు కాబట్టి వైరమంతా నా వైపునే ఉందనాలి. ఆయనది సొంత పని, చేతికి వచ్చేదానిలో చాలా భాగం నగదు. అందులో రిటర్నులోకి ఎక్కేది ఎంతో ఆయనకే తెలియాలి. నాది నెల జీతం, పన్ను కోసుకున్న తరువాతే నా ఖాతాలో పడుతుంది. ఆయన కారు కొన్న రోజున నేను మా ఆవిడతో, ‘అందులో రెండు చక్రాలు మనం కట్టిన పన్నుతో వచ్చినవే’ అన్నాను.

నిన్న రాత్రి నా రిటర్ను నింపడానికి కూర్చున్నాను. ఏడాది పొడుగునా వచ్చిన కాగితాలను బీరువా కింది అరలో ఉన్న గుడ్డసంచిలో పడేసి, గడువుకు రెండు రోజుల ముందు ఆ సంచిని మంచం మీద బోర్లించడం నా అలవాటు. బ్యాంకు వివరాల పట్టీని వేలితో చూసుకుంటూ వస్తుంటే మూడు నెలలకొకసారి వడ్డీ జమ అయిన వరుసలు నాలుగు కనిపించాయి. వాటిని పోయిన ఏడాది చూపించానా అని పాత ప్రతి తీస్తే లేవు. అంతకు ముందు ఏడాదీ లేవు. దానికన్నా ఇబ్బందికరమైన సంగతి ఏమిటంటే, సాయంత్రాలు ఇద్దరు పిల్లలకు లెక్కలు చెప్పినందుకు నాకు కొంత డబ్బు వస్తుంది, అది కూడా నగదుగానే. మూడేళ్లుగా దానిని నేను ఆదాయమని అనుకోనేలేదు. చొక్కా జేబులోకి వచ్చి చొక్కా జేబులోంచే ఖర్చయిపోయే డబ్బుకు లెక్క ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

ఇప్పుడు నా ప్రశ్న ఇది. ఈ స్థితిలో ఉన్న నాకు ఆయనను తప్పుపట్టే అర్హత ఉందా? ఈ కాగితాల విషయంలో మీ అలవాట్లు ఎలా ఉంటాయో కూడా చెప్పగలరు.

అంకెలబడి (మంగళవారం, ఉదయం 6.30)

ఇతరుల లెక్కలు రాయడమే ఇరవై రెండేళ్లుగా నా వృత్తి కాబట్టి, మీ ప్రశ్నకు ముందుగా ఒక చిన్న పరిశీలన చెబుతాను. ఇన్నేళ్లలో నా ఎదురుగా కూర్చున్న ఒక్కరు కూడా తమ గురించి చెప్పుకుంటూ ‘ఎగ్గొట్టాను’ అన్న మాట వాడలేదు. ‘మరిచిపోయాను’ అంటారు, ‘చూపించలేదు’ అంటారు, కొంచెం చనువు ఉన్నవారైతే ‘మీరే ఎలాగోలా సర్దండి’ అంటారు. అదే మనిషి పక్క దుకాణం వారి గురించో, బావమరిది గురించో మాట్లాడేటప్పుడు మాత్రం సర్దడం, మరిచిపోవడం అన్న క్రియలు మాయమై, ‘ఎగ్గొట్టాడు’, ‘మింగేశాడు’, ‘నొక్కేశాడు’ అన్నవి వచ్చేస్తాయి. తన తప్పుకు ఒక క్రియ, పక్కవాడి తప్పుకు ఇంకో క్రియ వాడుతున్నామని ఎవరికీ తోచదు. గోధూళి గారూ, మీరు రాసినదానిలో కూడా ‘ఆదాయమని అనుకోనేలేదు’ అని ఉంది. ఎత్తిపొడవడానికి అనడం లేదు, నాకు అలవాటైన చోట కన్ను పడింది, అంతే.

అలవాట్ల మాటకొస్తే, గుడ్డసంచి మనిషిని అజాగ్రత్తపరుడనీ, వరుసగా చీటీలు అంటించిన ఫైలు మనిషిని నిజాయతీపరుడనీ అనుకోవడం నా మొదటి రోజుల్లో నేను చేసిన పొరపాటు. నేను చూసినవాటిలో అతి శుభ్రమైన ఫైలులో పన్నెండు నెలల అద్దె రసీదులు ఉన్నాయి. పన్నెండూ ఒకే కలంతో, ఒకే సిరాతో రాసినవి, పన్నెండింటి మీదా సంతకం తోక ఒకే వంపు తిరిగింది. జనవరి రసీదు మీద రాసిన అక్షరాల ఒత్తు ఫిబ్రవరి రసీదు మీద కనిపిస్తోంది, అంటే ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక్క కూర్చోవడంలోనే రాశారన్నమాట. సంచి బోర్లించే మనుషుల దగ్గర అంత ఓపిక ఉండదు.

ఇంకొక మాట. యంత్రం నుంచి వచ్చే నున్నటి రసీదుల మీది అక్షరాలు వేడికీ వెలుతురుకీ వెలిసిపోతాయి. ఏడాది తరువాత తెల్ల కాగితం తెచ్చి ఇది మందుల బిల్లు అని చెప్పేవారు ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. రసీదు చేతికి వచ్చిన రోజే ఫొటో తీసి పెట్టుకోండి.

వెన్నెలగోడ (మంగళవారం, ఉదయం 9.14)

అంకెలబడి గారి పరిశీలన బాగుంది కానీ, దాని నుంచి ‘అందరమూ ఒకటే’ అన్న నిర్ణయానికి జారిపోవడం నాకు సమ్మతం కాదు. పన్ను చట్టాలు సాధారణంగా పొరపాటునూ ఉద్దేశపూర్వకమైన ఎగవేతనూ వేరువేరుగానే చూస్తాయి. మొదటిదానికి వడ్డీ, మహా అయితే జరిమానా. రెండోదానికి విచారణ, శిక్ష. నాలుగు వరుసల వడ్డీని గమనించకపోవడం, ఏటేటా లెక్క తెలిసి దాచడం ఒకే త్రాసులో పెట్టదగినవి కావు.

అసలు అర్హత అన్న ప్రశ్నే తప్పుగా వేశారని నా అభిప్రాయం. గురువింద గింజ సామెతను మనం ఎంత తేలికగా వాడేస్తున్నామంటే, అది క్రమంగా తప్పు చేసినవారికి గొడుగైపోయింది. ఎవరైనా తప్పు ఎత్తిచూపగానే ‘ముందు నీ సంగతి చూసుకో’ అంటే సరిపోతుంది, ఇక జవాబు చెప్పే పని ఉండదు. ఒక లెక్క తప్పా ఒప్పా అన్నది దానిని చూపించిన మనిషి శీలం మీద ఆధారపడదు. మచ్చలేనివారు మాత్రమే మాట్లాడాలంటే తనిఖీ అధికారులు మొదలుకొని అందరూ నోరు కట్టుకొని కూర్చోవలసిందే.

సాలెగూడు (మంగళవారం, మధ్యాహ్నం 1.05)

నేను ఆ తోడల్లుడి గారి వర్గం మనిషిని. సొంత పని, నగదు రాబడి. కాబట్టి ఈ చర్చలో నిందితుల బోనులో నిలబడి మాట్లాడుతున్నాననుకోండి.

జీతగాళ్ల నిజాయతీ గురించి విన్నప్పుడల్లా నాకు ఒక సందేహం కలుగుతుంది. ఎన్నడూ పరీక్షకు కూర్చోని విద్యార్థి తాను ఎప్పుడూ కాపీ కొట్టలేదని చెప్పుకుంటే ఏమనాలి? మీ పన్ను మీ చేతికి రాకముందే కోత పడుతోంది, దాచే దారి లేదు. దారి దొరికిన ఒక్క చోట, అంటే ఆ ఇద్దరు పిల్లల డబ్బు దగ్గర, గోధూళి గారు ఏం చేశారో ఆయనే రాశారు. దీనిని కోపంతో రాయడం లేదు. నేనైతే ప్రతి రాత్రీ గల్లాపెట్టె మూసేటప్పుడు ఈ నోటును పుస్తకంలో రాయాలా వద్దా అన్న ప్రశ్నను ఎదుర్కొంటాను, ఏడాదికి మూడు వందల సార్లు. కొన్నిసార్లు ఓడిపోయాను కూడా. ఏడాదికి ఒక్కసారి, అదీ గడువుకు రెండు రోజుల ముందు, ఆ ప్రశ్నను ఎదుర్కొనేవారు నా గురించి తీర్పు చెబితే కొంచెం నవ్వు వస్తుంది.

చిత్తుప్రతి (మంగళవారం, సాయంత్రం 7.40)

సాలెగూడు గారు అనుభవంతో చెప్పినదానిని కొలిచి చూసినవారు ఉన్నారు. డెన్మార్క్‌లో పన్ను శాఖతో కలిసి ఆర్థికవేత్తలు 40,000 మందికి పైగా వ్యక్తుల లెక్కల మీద ఒక ప్రయోగం చేసి, 2011లో ఫలితాలు ప్రచురించారు. ఉద్యోగమిచ్చిన సంస్థ, బ్యాంకు వంటి మూడో పక్షం నేరుగా శాఖకు తెలియజేసే ఆదాయంలో ఎగవేత దాదాపు లేనే లేదని, మనిషి తనంతట తాను చెప్పుకోవలసిన ఆదాయంలో మాత్రం అది చెప్పుకోదగినంత ఉందని తేలింది. దేశం ఒకటే, చట్టం ఒకటే. తేడా అంతా ఆ ఆదాయాన్ని ఇంకొకరి కన్ను చూస్తోందా లేదా అన్న చోటనే ఉంది.

అమెరికా ఉదాహరణ ఇంకా తమాషాగా ఉంటుంది. అక్కడ పోషించే పిల్లల పేరున పన్ను తగ్గింపు ఉంటుంది. పూర్వం పేరు రాస్తే చాలు. 1986 చట్టంతో, ఐదేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్యను కూడా రాయాలన్నారు. ఆ మరుసటి ఏడాది రిటర్నులలోంచి సుమారు 70 లక్షల మంది పిల్లలు మాయమైపోయారు. ఆ పిల్లలను సృష్టించిన తల్లిదండ్రులందరినీ దొంగలని పిలవాలంటే నాకు నోరు రాదు. వారిలో చాలామంది పక్కింటివారి లెక్కల గురించి వంటగదిలో కూర్చొని కోపంగా మాట్లాడుకున్నవారే అయి ఉంటారు.

పక్కవాడు చేసినదానికి అతని స్వభావాన్ని, మనం చేసినదానికి మన పరిస్థితిని కారణంగా చూసే ఈ వాలును మనస్తత్వవేత్తలు ఎన్నో విధాలుగా పరిశీలించారు. పరిస్థితిని తక్కువగా, స్వభావాన్ని ఎక్కువగా లెక్కగట్టడానికి 1977లో లీ రాస్ ఒక పేరు కూడా పెట్టారు. అంకెలబడి గారు అదే సంగతిని రెండు క్రియలతో చెప్పేశారు, నాకు అదే ఎక్కువ నచ్చింది.

తీరిక (మంగళవారం, రాత్రి 9.20)

అందరూ తప్పుల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నేను అలవాట్ల గురించి మాట్లాడతాను. నెల మొదటి ఆదివారం ఉదయం ఒక గంట నాకు ‘కాగితాల పూట’. ఆ గంటలో ఫోను పక్క గదిలో ఉంటుంది. వచ్చినది ఎడమ పేజీలో, పోయినది కుడి పేజీలో. ఏది ఏమిటో తెలియనిది చివరి పేజీలో పెన్సిలుతో రాస్తాను, అలాంటివి ఏడాదిలో పది కూడా ఉండవు. గోధూళి గారి నాలుగు వరుసల వడ్డీ ఈ పద్ధతిలో తప్పించుకునేది కాదు, ఎందుకంటే మూడు నెలలకొకసారి అది విడిగా కంటపడుతుంది. ఏడాది కాగితాలను ఒక్క రాత్రిలో చూసేవారికి అలసటే సగం అబద్ధం చెప్పిస్తుంది.

ఇంకొక అలవాటు కూడా ఉంది. పత్రం చివర కాకుండా మొదట్లోనే సంతకం చేయిస్తే మనుషులు ఎక్కువ నిజం రాస్తారని ఎక్కడో చదివాను. అప్పటి నుంచి ప్రతి నెలా పుస్తకంలో తేదీ కింద సంతకం చేసి, ఆ తరువాతే అంకెలు రాయడం మొదలుపెడతాను. ఎవరైనా ప్రయత్నించి చూడవచ్చు.

చిత్తుప్రతి (మంగళవారం, రాత్రి 10.02)

తీరిక గారూ, మీ ఆదివారం పద్ధతిని రేపటి నుంచే అనుసరిస్తాను కానీ, ఆ సంతకం సంగతి మాత్రం నిలబడలేదని చెప్పక తప్పదు. మీరు చదివినది 2012లో అయిదుగురు కలిసి ప్రచురించిన ఒక పరిశోధన. మరింత ఎక్కువ మందితో మళ్లీ చేసి చూసినప్పుడు ఆ ఫలితం రాలేదని ఆ రచయితలే 2020లో ప్రచురించారు. ఆ తరువాత, అందులోని ఒక ప్రయోగపు అంకెలే కల్పితమని ఇతర పరిశోధకులు 2021లో బయటపెట్టారు. అది కారు బీమా చేయించుకున్నవారు తమ కారు తిరిగిన మైళ్లను రాసి ఇచ్చిన పట్టిక. ఆ మైళ్లు సున్నా నుంచి 50,000 వరకు అన్ని అంకెల దగ్గరా దాదాపు సమానంగా పరుచుకొని, అక్కడ గోడ కట్టినట్టు ఆగిపోయాయి. నిజమైన మనుషుల కార్లు అలా తిరగవు. పైగా పట్టికలో సగం అంకెలు ఒక అచ్చులో, సగం ఇంకో అచ్చులో ఉన్నాయి. ఆ ఏడాదే ఆ వ్యాసాన్ని ఉపసంహరించారు.

వెన్నెలగోడ (మంగళవారం, రాత్రి 10.15)

నిజాయతీ మీద పరిశోధన చేస్తూ అబద్ధపు అంకెలు! ఆ అయిదుగురినీ ఏమనాలో తెలియడం లేదు. పాఠాలు చెప్పే నోటితోనే దొంగ లెక్కలు.

అంకెలబడి (మంగళవారం, రాత్రి 10.31)

వెన్నెలగోడ గారూ, చిత్తుప్రతి గారు పట్టిక కల్పితమని రాశారు గానీ, కల్పించినది ఎవరో రాయలేదు. పదమూడు నిమిషాల్లో మనం అయిదుగురికీ శిక్ష వేసేశాం. ఉదయం మీరే పొరపాటుకూ ఉద్దేశానికీ తేడా ఉందన్నారు. ఒక లెక్కల పుస్తకంలో తప్పు దొరికితే, అది గుమాస్తాదా, యజమానిదా, అంకెలు పంపిన మూడో మనిషిదా అని తేల్చడానికే మాకు వారాలు పడుతుంది.

వెన్నెలగోడ (మంగళవారం, రాత్రి 10.48)

ఒప్పుకుంటున్నాను. ఆ వాక్యం తొందరపాటు. పైన చెప్పిన వాదన నుంచి మాత్రం వెనక్కి తగ్గడం లేదు.

తీరిక (బుధవారం, ఉదయం 5.55)

చిత్తుప్రతి గారికి కృతజ్ఞతలు. ఆరేళ్లుగా చేస్తున్న సంతకం కాబట్టి మానను. అయితే దాని వల్ల నేను నిజాయతీపరుడినయ్యానని ఇకమీదట అనుకోను.

సాలెగూడు (బుధవారం, ఉదయం 10.20)

ఎవరి మీద ఎవరికీ అనుమానం లేకుండా ఉండాలంటే ఒకటే మార్గం కనిపిస్తోంది. అందరి పన్ను లెక్కలూ అందరికీ కనిపించేలా గోడకు అంటించాలి. అప్పుడు గోధూళి గారు కారు చక్రాలు లెక్కపెట్టనక్కరలేదు, మా తోడల్లుళ్ల వర్గానికీ మనశ్శాంతి.

నీలిసిరా (బుధవారం, మధ్యాహ్నం 3.33)

అలా అంటించిన దేశం ఉంది. నార్వేలో ఎవరి ఆదాయం ఎంత, ఎంత పన్ను కట్టారు అన్న జాబితాలు బహిరంగమైనవి. పూర్వం కార్యాలయానికి వెళ్లి పుస్తకం తిరగేయవలసి వచ్చేది. 2001 నుంచి పత్రికలు వాటిని ఇంటర్నెట్‌లో వెదికే వీలు కల్పించాయి. దాంతో ఇంట్లో కూర్చొని పక్కింటివారి, సహోద్యోగుల, బంధువుల జీతాలు చూడడం ఒక కాలక్షేపమైపోయింది. పిల్లలను కూడా బడిలో తల్లిదండ్రుల ఆదాయం చూపి వేధిస్తున్నారన్న ఫిర్యాదులు వచ్చాయి.

చివరకు 2014లో ప్రభుత్వం ఒక్క మార్పు చేసింది. జాబితాలను మూయలేదు. మీ వివరాలను ఎవరు చూశారో మీరు తెలుసుకునే వీలు మాత్రం కల్పించింది. అంతే, వెదుకులాటలు ఒక్కసారిగా పడిపోయాయి. సమాచారం అదే, హక్కూ అదే. ‘నేను చూస్తున్నానని వారికి తెలుస్తుంది’ అన్న ఒక్క సంగతి చేతిని వెనక్కి లాగింది. సాలెగూడు గారి గల్లాపెట్టెకు మూడో కన్ను లేదని చిత్తుప్రతి గారు రాశారు కదా, తీర్పులు చెప్పేవారికి కూడా మూడో కన్ను ఉండదన్నది నేను ఇక్కడ గమనించినది. తోడల్లుడి గారి మీద గోధూళి గారు వేసిన మాట ఆయన చెవిన పడే వీలుంటే, ఆ మాట పుట్టేదా?

గోధూళి (బుధవారం, సాయంత్రం 6.10)

పుట్టేది కాదు. చాలా సూటిగా అడిగారు.

చిత్తుప్రతి (బుధవారం, రాత్రి 8.45)

నీలిసిరా గారి మాటకు ఒక కొసరు. ‘అందరూ ఎగ్గొట్టేవాళ్లే’ అని మనం నలుగురిలో అనుకునే మాట ఉత్త కబురుగా ఆగిపోదు. బ్రిటన్ పన్ను శాఖ 2011లో బకాయి పడినవారికి పంపే ఉత్తరాలలో కొన్నింటికి ఒక వాక్యం చేర్చి చూసింది. పదిమందిలో తొమ్మిదిమంది పన్ను సకాలంలో కడుతున్నారనీ, కట్టని కొద్దిమందిలో మీరు ఒకరనీ దాని సారాంశం. లక్షమందికి పైగా వ్యక్తుల మీద జరిగిన ఈ ప్రయోగంలో, ఆ వాక్యం లేని ఉత్తరం అందినవారిలో కన్నా, ఆ వాక్యం చదివినవారిలో ఎక్కువమంది త్వరగా కట్టారు. ఇతరులు కడుతున్నారన్న నమ్మకమే కట్టించగలిగితే, ఇతరులు ఎగ్గొడుతున్నారన్న నమ్మకం ఏం చేయిస్తుందో ఊహించడం కష్టం కాదు. తోడల్లుడి గారు ఎగ్గొట్టారన్న కథ లేకపోతే ట్యూషన్ డబ్బు గోధూళి గారి కంట పడేదేమో.

అంకెలబడి (బుధవారం, రాత్రి 9.30)

అది నేను రోజూ చూసేదే. ఇంకొకటి కూడా చూస్తాను. లెక్కంతా వేసి తెర మీద ‘రీఫండ్’ అన్న మాట కనిపిస్తే మనిషి అక్కడితో సంతోషంగా లేచిపోతారు. అదే ‘ఇంకా కట్టవలసినది’ అని కనిపిస్తే కుర్చీని ముందుకు లాక్కొని, ‘ఆగండి, ఇంకేమైనా ఖర్చులు గుర్తుకొస్తాయేమో చూస్తాను’ అంటారు. రెండు సందర్భాల్లోనూ ఏడాది మొత్తానికి పన్ను ఒకటే కావచ్చు, ముందుగా కోత పడినదానిలోనే తేడా. స్వీడన్‌లో లక్షల రిటర్నులను పరిశీలించినవారికీ ఇదే కనిపించింది. ఆఖరున చేతి నుంచి కట్టవలసి వచ్చినవారే మినహాయింపులు ఎక్కువగా అడిగారు. అందుకని నేను ఈ మధ్య ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఖర్చుల జాబితా పూర్తయిందని వారి నోటితో చెప్పించాకే ఆఖరి అంకె చూపిస్తాను. కొందరికి కోపం వస్తుంది.

గోధూళి గారూ, పాత ఏళ్ల లెక్కలను శాఖ అడగకముందే మీరంతట మీరే సరిదిద్దుకోండి. నోటీసు వచ్చాక చెప్పినదానికీ ముందే చెప్పినదానికీ చాలా తేడా ఉంటుంది.

గోధూళి (శుక్రవారం, రాత్రి 10.40)

ఈ ఏటి రిటర్ను వడ్డీతో, ట్యూషన్ డబ్బుతో సహా గడువులోపలే దాఖలు చేశాను. పాత ఏళ్లవి ఎలా సరిదిద్దాలో తెలియక, తెలిసినవారెవరైనా ఉన్నారా అని మా ఆవిడను అడిగితే, ఆమె ఏమాత్రం ఆలోచించకుండా తన అక్కగారి ఇంటికి ఫోను చేసింది. నాలుగేళ్ల క్రితం తోడల్లుడి గారికి నోటీసు వచ్చిందట, ఆ పని అంతా ఆయన పడి ఉన్నారట. మాకు తెలియనివ్వలేదు.

నిన్న సాయంత్రం వారి ఇంటికి వెళ్లాను. ఆయన ఒక పొడుగాటి నోటు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. నోటీసు వచ్చిన నాటి నుంచి రాస్తున్నారట. కొన్ని రోజుల దగ్గర అంకెలు దట్టంగా ఉన్నాయి, కొన్ని రోజుల దగ్గర ఏమీ లేదు. ఆ ఖాళీ రోజులు పని లేని రోజులో, రాయని రోజులో నాకు తెలియదు. సోమవారం రాత్రయితే తెలుసని అనుకునేవాడిని. ఆయన నా పాత ప్రతులు మూడూ కళ్లద్దాలు పెట్టుకొని చూసి, ఏ ఏడాదికి ఏ పత్రం నింపాలో ఒక చీటీ మీద రాసి ఇచ్చారు. ‘ఇవన్నీ అందరికీ జరిగేవే అన్నయ్యా’ అన్నారు. కారు మీద ఇంకా మూడేళ్ల అప్పు ఉందని మాటల్లో తెలిసింది.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడ, ‘రెండు చక్రాల సంగతి చెప్పారా?’ అని అడిగింది. చెప్పలేదు.

వెన్నెలగోడ (శుక్రవారం, రాత్రి 11.05)

ఆ ఖాళీ పేజీల గురించి ఆయనను అడగవలసిందనే నేను ఇప్పటికీ అంటాను. మీరంటే ఇష్టమున్న మనిషిలాగే ఉన్నారు, అడిగితే చెప్పేవారు.

గోధూళి (శుక్రవారం, రాత్రి 11.20)

అడగవచ్చు. ముందు నా మూడేళ్లవి పూర్తి కానివ్వండి. తీరిక గారికి ఒక ప్రశ్న: మీ ఆదివారం గంటలో పెన్సిలు పేజీకి వెళ్లిన అంకెలను చివరకు ఎప్పుడు తేలుస్తారు?

తీరిక (శనివారం, ఉదయం 6.02)

మరుసటి నెల మొదటి ఆదివారం, మిగతావి మొదలుపెట్టక ముందే. తేలనిదాన్ని ఆదాయం వైపే రాసేస్తాను.